కలువ తొట్టి

పెరళ్లలో నీళ్లు నిలవ ఉంచడం నేరమయ్యాక నంద్యాలలో అందరివీ నీళ్ల బదులు వెలుగు చిమ్మే ఫౌంటెన్లే. గలగలలు స్పీకర్లోంచి వస్తాయి. సుభాషిణి మాత్రం ఆ వెలుగు చాటున, తొట్టిలో రెండు బిందెల నిజం నీళ్లు పోసి కలువ పెంచుతోంది.

పక్కింటి సుగుణమ్మ ఫిర్యాదు చేయడంతో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దొరికితే ఏడాదిపాటు కొళాయి బంద్. సుభాషిణి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది. తొట్టిలో చేరిన కప్ప సరిగ్గా అప్పుడే బెకబెకమంది.

“కప్ప సౌండు కూడా పెట్టించినారా? భలే ఉందమ్మా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“కొత్త స్పీకరు సార్” అంది.

అతను నవ్వుకుంటూ గేటు దాకా వెళ్లాడు. ఇంతలో గోడ అవతల, సుగుణమ్మ పెరట్లోంచి ఇంకో కప్ప పలికింది. తొట్టిలోది బదులిచ్చింది. అది ఆగాక ఇది, ఇది ఆగాక అది.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపి వెనక్కి తిరిగాడు.