మంటల గంట

మామిడి కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను లక్ష్మీనరసింహారావు చెయ్యి నొప్పెట్టేదాకా మోగించాడు. తోట కావలి యలమంద తప్ప ఎవరూ రాలేదు. అతనైనా ఆ చెట్టు కిందే పడుకుని ఉన్నాడు కాబట్టి లేచాడు.

"ఎవరైనా పోయారాండీ?"

"తోట తగలబడుతోందనుకో. ఇది ప్రాక్టీసు."

"నిజంగా తగలబడితే వస్తార్లెండి."

లక్ష్మీనరసింహారావు బ్లాకు ఆఫీసులో సాంఘిక విద్యాధికారి. ముసునూరు పక్కనున్న ఆ ఊళ్లో అందరూ జొన్న మానేసి మామిడి వేశారు. ఇప్పుడు ఊరి బతుకంతా కాయ మీదే. తోటల పైన ఎండుగడ్డి కొండ. ఆదివారాలు బెజవాడ నుంచి షికారుకొచ్చే జనం అక్కడ పొయ్యిలు పెట్టుకుని, ఆర్పకుండా పోతారు. నిప్పు కిందికి దిగితే మొదట కాలేది పున్నయ్య తోట. అందుకే లక్ష్మీనరసింహారావు ఊరికో ప్లాను వేశాడు. గంట మోగితే ఆడవాళ్లు నీళ్ల కడవలు, మగవాళ్లు పచ్చికొమ్మలు తేవాలి. ఎర్రజెండా ఎత్తి గాలివాటు చూపించేది తను.

మనుషుల మనసులు తనకు పేకముక్కల్లా కనిపిస్తాయని ఆయన నమ్మకం. పేకాటలో ఎప్పుడూ ఓడిపోతాడన్నది వేరే సంగతి.

"రష్యాలో ఒకాయన గంట కొట్టి కుక్కకి తిండి పెట్టేవాడండీ," అని పున్నయ్యకు చెప్పాడు. "కొన్నాళ్లకి గంట వింటే చాలు, దానికి నోరూరేది."

"అయితే మేం కుక్కలమాండీ?"

"అబ్బే! అది సిద్ధాంతం."

పున్నయ్య భార్య నాగమణి నవ్వింది. "ఆ సిద్ధాంతం వండేదెవరండీ?"

ఆమే వండింది, మామిడికాయ పులిహోర. మరుసటి ఆదివారం గంటకు సగం ఊరు వచ్చింది, ఆపై వారం ఊరంతా దిగింది. కడవలు, కొమ్మలు, పరుగులు, ఆనక విస్తళ్లు. అందరితో కలిసి తింటే నమ్మకం కుదురుతుందని ఆయనా బంతిలో కూర్చునేవాడు. ఇంట్లో తన చేతివంటే దిక్కయిన ఒంటరివాడు కదా, ఆ నమ్మకాన్ని గట్టిపరచడానికి మారు వడ్డించుకునేవాడు. జెండా, విస్తళ్ల కట్ట రెండూ ఆయన గదిలో ఒకే గూట్లో ఉండేవి.

రానురాను ఆయనకు బెంగ పట్టుకుంది. నిజం మంట వచ్చిన రోజున జనం తిండికే వస్తే? కడవలు మానేసి బంతి కూర్చుంటే?

"యలమందా, గంట వింటే నీకేమనిపిస్తుంది?"

"చెవులు గింగుర్లెత్తుతాయండి."

"నోరూరుతుందా?"

యలమంద ఆయన వంక జాలిగా చూశాడు. "తమరు పొద్దున ఏవన్నా తిన్నారాండీ?"

కాయ దిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆదివారం కాకుండానే గంట మోగింది. ఆగకుండా మోగింది. లక్ష్మీనరసింహారావు కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, జెండా కోసం గూట్లోకి చెయ్యిపెట్టి, అందింది లాక్కుని వీధిన పడ్డాడు. పరిగెత్తుతూ రెండుసార్లు గుటక వేశాడు. భయమనుకున్నాడు.

పున్నయ్య తోట అంచున గడ్డి అంటుకుంది. ఊరంతా అప్పటికే అక్కడుంది. ఆయన ముందుగా మంట వంక కాదు, వాళ్ల చేతుల వంక చూశాడు. కడవలు. పచ్చికొమ్మలు. ఒక్క చేతిలోనూ విస్తరి లేదు!

ఆయనకు కళ్లనీళ్లొచ్చాయి. మనిషి కుక్క కాదు. సిద్ధాంతం ఓడిపోయింది, మనిషి గెలిచాడు. రాయి మీదికెక్కి చెయ్యి పైకెత్తాడు.

"గాలి ఇటుంది! ఇటు కొట్టండి, ఇటు!"

కొట్టారు. ఆఖరి మంట కూడా ఆరింది. చెట్లు నిలిచాయి. ఆయన చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది. ఒక్కొక్కరే ఆ చెయ్యి వంక చూడసాగారు. యలమంద పక్కకు తిరిగి దగ్గాడు.

నాగమణి కడవ దించి, మసి మొహం కొంగుతో తుడుచుకుంది.

"ఇవాళ పులిహోర చెయ్యలేదండీ," అంది మెల్లగా.

లక్ష్మీనరసింహారావు తలెత్తి చూసుకున్నాడు.

గాలివాటుకు ఆయన చేతిలో విస్తరి ఊగుతోంది.