అమ్మకిష్టమైన గొట్టాలు

తెల్లారితే పెత్రమాస. చిరంజీవికి కాలు ఒకచోట నిలవడం లేదు.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెట్టే రోజు. ఏటా ఊరెళ్లేవాళ్లు. ఈసారి కరోనా పుణ్యమా అని సూరత్‌లోనే, ఖటోదరాలోని ఇరుకు గదిలోనే. గారెలు, బెల్లపన్నం సంగతి భార్య మంగ చూసుకుంటుంది. అమ్మకు పెట్టాల్సిన మైనా కంపెనీ గొట్టాల పొట్లమే ఎక్కడా లేదు.

"ఓ మాల్ తో కబ్ కా బంద్, భాయ్," ఆ సరుకు ఎప్పుడో ఆగిపోయిందన్నాడొక కిరాణా కొట్టు ఆయన. మాస్కు వెనక నవ్వాడు కూడా. మీసాలున్న మనిషి చిన్నపిల్లల తిండి కోసం వీధులన్నీ గాలిస్తుంటే నవ్వరా మరి.

"ఇంకేమన్న పెట్టరాదు బిడ్డా. గవ్వే గావాల్నా?" అన్నాడు తండ్రి సాంబయ్య.

"అమ్మంటే నాకు గుర్తున్నది గదొక్కటే బాపూ."

నిజమే. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆమె పోయేనాటికి అతనికి మాటలు కూడా సరిగ్గా రావు. తండ్రి మరమగ్గాల మీదికి పోతే, పక్కగది బాలవ్వ టీవీ ముందు కూర్చోబెట్టి సాకింది. అయినా ఆ ఒక్క ముచ్చట మాత్రం కళ్లకు కట్టినట్టుంటుంది. జోరు వాన. ఆకుపచ్చ చీర. అమ్మ పసుపు పొట్లం మూల పంటితో చింపింది. అతని ఐదు వేళ్లకూ ఐదు గొట్టాలు తొడిగి, చిటికెన వేలిది తనే కొరుక్కు తింది. అదే లేకపోతే తనకూ ఒక తల్లి ఉండేదంటే అతనే నమ్మడు.

కొడుకు ఈ మాట ఎత్తినప్పుడల్లా సాంబయ్య తల వంచుకుంటాడు. భార్య గుర్తొచ్చి కాబోలు.

సాయంత్రానికి సిటీ అవతల కడోదరాలో ఒక హోల్‌సేల్ కొట్టులో దొరికింది. కంపెనీ మళ్లీ తెరిచారట, అదే పసుపు పొట్లం. చిరంజీవి దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చాడు.

మర్నాడు విస్తట్లో అన్నిటికన్నా ముందు ఐదు గొట్టాలు పెట్టాడు. "తిను అమ్మా," అన్నాడు. అంతే, దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నాళ్ల వెలితి ఇవాళ తీరినట్టే అనిపించింది.

మంగ కూడా కళ్లు తుడుచుకుని ఖాళీ పొట్లం చేతిలోకి తీసుకుంది.

"ఇగో, దీని మీద బచ్‌పన్ కీ యాదేఁ, చిన్నప్పటి యాదులు అని రాసిండ్రు. ఫోన్‌తోని స్కాన్ చేస్తే వీళ్ల పురానా టీవీ అడ్వర్టైజ్ వస్తదట."

"గిప్పుడదెందుకే, బంద్ జెయ్," అంటూ సాంబయ్య గబుక్కున చెయ్యి చాపాడు.

అప్పటికే ఫోన్‌లో జోరు వాన మొదలైంది. ఆకుపచ్చ చీరలో ఎవరో నటి పసుపు పొట్లం మూల పంటితో చింపి, ఎవరో పిల్లాడి ఐదు వేళ్లకూ ఐదు గొట్టాలు తొడిగి, చిటికెన వేలిది తనే కొరుక్కు తింది.