మూడో సబ్జెక్టు

“జీవశాస్త్రం తీసుకో తల్లీ.”

మాట వెనకనుంచి వచ్చింది. అమ్మాయి ఉలిక్కిపడి తిరిగి చూసింది.

మ్యూజియం గదిలో, అస్థిపంజరం పడుకున్న అద్దాల పెట్టె ముందు, బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఇంతసేపూ ఆవిడ అక్కడున్నట్టే తెలియలేదు.

పదో తరగతి పాసైన ఆ అమ్మాయికి తవ్వకాల పిచ్చి. చదివితే పురావస్తు శాస్త్రమే చదవాలని పట్టు. డిగ్రీలో ఆ సీటు రావాలంటే ఇప్పుడు ఏ సబ్జెక్టులు తీసుకోవాలో కనుక్కుందామని మేనమామని వెంటబెట్టుకుని వచ్చింది. పదకొండో తరగతిలో చేరడానికి మర్నాడే స్కూల్లో చెప్పాలి.

మ్యూజియం అధికారి ఓపిగ్గానే చెప్పాడు. చరిత్ర తప్పనిసరి. భూగోళం ఉంటే మంచిది. మూడోది ఏదైనా ఒకటే, మార్కులొచ్చేది చూసుకోమన్నాడు.

అప్పుడే ముసలావిడ కలగజేసుకుంది.

“ఎముకలు చదవడం వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు. నువ్వైనా నేర్చుకో.”

అధికారి నవ్వేశాడు. ఆవిడ తమ శాశ్వత సభ్యురాలన్నాడు. గేటు తెరవగానే వస్తుందట. మూసేదాకా ఆ పెట్టె ముందే కూర్చుంటుందట.

“ఎముకలతో పనేముందమ్మా?” అన్నాడు అమ్మాయితో. “ఈ మనిషిది రెండు వేల ఏళ్ళ నాటి సమాధి. ఎలా చెప్పాం? పక్కన దొరికిన కుండల్ని బట్టి. కుండ అబద్ధం చెప్పదు.”

ముసలావిడ అతని వంక చూడలేదు. అమ్మాయినే చూస్తోంది. ఆ చూపు బతిమాలుతోంది.

అమ్మాయి మేనమామ వెనక్కి జరిగింది.

బయటికొచ్చాక మేనమామ తేల్చేశాడు.

“కప్పని చూస్తే మంచమెక్కే దానివి. నువ్వు కోసేదేమిటి, ఆ కప్పే నిన్ను కోస్తుంది. ఎకనామిక్స్ పెట్టుకో. మార్కులు రాలతాయి.”

పెట్టుకుంది. మార్కులు రాలాయి. సీటు వచ్చింది, డిగ్రీ వచ్చింది. చివరికి అదే మ్యూజియంలో, ఆ అధికారి రిటైరైన కుర్చీలోనే ఉద్యోగం వచ్చింది.

చేరిన రోజున బెంచీ మీద అదే ముసలావిడ. బాగా వంగిపోయింది. అయినా చూడగానే గుర్తుపట్టింది.

“మూడోది ఏం తీసుకున్నావు తల్లీ?”

ఎకనామిక్స్ అని చెప్పింది ఆమె.

“ఓహో,” అని ముసలావిడ మళ్ళీ పెట్టె వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత ఎన్నడూ పలకరించలేదు. ఆ గది దాటిన ప్రతిసారీ ఆ మౌనం ఆమె వీపుకి తగిలేది.

ఒక వానాకాలం బెంచీ ఖాళీ అయింది. ముసలావిడ పోయిందని అటెండరు చెప్పాడు. ఆ మాట వినగానే ఆమెకి, సిగ్గుపడుతూనే, ఊపిరి తేలికపడింది.

కానీ వీపుకి తగిలేది మాత్రం ఆగలేదు.

మరుసటి ఏడాది పెట్టె అద్దం బీటలిచ్చింది. మార్చాలంటే ఎముకల్ని బయటికి తీయాలి. అందుకోసం ఎముకల నిపుణురాలిని పిలిపించారు.

నిపుణురాలు కుంచెతో దవడకి పట్టిన మట్టిని దులుపుతూ దులుపుతూ ఆగిపోయింది.

“మేడం, రెండు వేల ఏళ్ళ కిందట పళ్ళ డాక్టర్లు ఉండేవారా?”

వెనక పంటి పుప్పిలో నింపిన సిమెంటు మెరుస్తోంది.

కుండలు పాతవే, మనిషి కాదు అంది నిపుణురాలు. ఎవరో ఆ పాత దిబ్బలో గొయ్యి తీసి ఇతన్ని రహస్యంగా పూడ్చేశారు. తవ్వినవాళ్ళు కుండల్ని చూశారు, మనిషిని చూడలేదు.

“ఇరవై దాటని కుర్రాడు. ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా అతుక్కోలేదు. చిన్నప్పుడు కుడి చెయ్యి విరిగింది. చూడండి, అతికిన చోట ఎంత బుడిపె ఉందో. అద్దంలోంచి కూడా కనిపిస్తుందిది. ఎముకలు చదివినవాళ్ళు ఒక్కపూటలో చెప్పేసేవారు. మీరెవరూ చూడలేదా?”

ఆమె, ఎవరూ కూర్చోని ఆ బెంచీ మీదే కూలబడి అటెండరుని పిలిచింది.

ఆ ముసలావిడ ఇక్కడ కూర్చుని ఏం మాట్లాడేదో ఎప్పుడైనా విన్నావా అని అడిగింది.

వినకేం అన్నాడతను. పాత సారుతో కూడా ఎన్నోసార్లు మొరపెట్టుకుందట. పెట్టెకున్న బోర్డు మీద ఏం రాసుందో చదువుకోమని ఆయన కసిరి పంపేవాడట. మతిలేని మనిషని తామంతా నవ్వుకునేవాళ్ళట.

“ఏమనేది?”

అటెండరు బల్లమీది ఎముకల వంక చూశాడు. అతని గొంతు తగ్గింది.

“‘చెట్టెక్కి పడి ఈ చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, కట్టు విప్పేదాకా మావాడికి నేనే ముద్దలు పెట్టాను’ అనేది మేడం.”