రెండో ప్రింటు

ట్రేలోని మందునీళ్లలో కాగితం మీద ఒక్కొక్క మొహమే తేలుతోంది. వంతెన కమ్మీకి ముగ్గురిని ఉరితీశారు. మూడో మొహం తేలగానే ఫొటోగ్రాఫరు ట్రే మీదికి వంగి చూశాడు.

బావమరిది.

ఊరిని ఆక్రమించిన సైన్యం తన ఫొటోలన్నీ ఈ స్టూడియోలోనే కడిగిస్తోంది. వాళ్ల ప్రతి ఘాతుకానికీ అతను దొంగచాటుగా రెండో ప్రింటు తీస్తాడు. భార్య దాన్ని కోటులో దాచి, ఎదురు తిరిగిన దళానికి చేరవేస్తుంది.

ఆమే ఇప్పుడు చీకటిగది తలుపు మీద వేలితో కొట్టి లోపలికొచ్చింది.

"అయిందా? ముందుగదిలో ఆ ఆఫీసరు కుదురుగా కూర్చోడంలేదు. లేచి లేచి గోడలు చూస్తున్నాడు."

అద్దుడు కాగితంతో గబగబా తడి అద్ది, ప్రింటుని లోపలికి మడిచి, పైన ఇంకో కాగితం చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు మాత్రం చూడకు."

"ఎన్ని చూళ్లేదు! ఇవాళ కొత్తగా ఏంటి?"

"చెప్పానా, చూడకు!"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎర్రదీపం కింద ఎవరి కళ్లయినా ఎర్రగానే ఉంటాయి. పొట్లాన్ని కోటులో దోపుకుంది.

"బయటి దేశాల పేపర్లో పడనీ, ఎవరూ చూస్తూ ఊరుకోరు. మా తమ్ముడు ఈపాటికి సరిహద్దు దాటేసుంటాడుగా, వాడూ చూస్తాడు. ఇది మా అక్కాబావల పనేనని మురిసిపోతాడు వెధవ."

అతను ట్రే వైపు తిరిగాడు. "జాగ్రత్త" అని మాత్రం అనగలిగాడు. ఆమె పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

ముందుగదిలో ఆఫీసరు ప్రింట్లు ఒక్కొక్కటే తిరగేస్తూ, వంతెన ఫొటో దగ్గర ఆగాడు.

"ఇది ఎన్ని తీశావు?"

ఫొటోగ్రాఫరు తడిచేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"ఒకటే సార్."

"నిజంగా?"

"ఒట్టు సార్. ఒక్కటే."

ఆఫీసరు పెదవి విరిచాడు. నింపాదిగా షోకేసు దగ్గరికి నడిచి, అందులోని పెళ్లిఫొటో తీసి పక్కన పడేశాడు. దాని స్థానంలో వంతెన ఫొటోని, భార్య తిరిగి రావలసిన వీధివైపు తిప్పి నిలబెట్టాడు.

"ఒక్కటేం సరిపోతుందయ్యా! ఊళ్లో ప్రతి గోడకీ ఒకటి కావాలి, కడుగు."