ఎవరి పేరుతో వాళ్లే

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. నెమ్మదిగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి.

"ఇక అందరికీ ఒకే పాస్‌వర్డ్ కుదరదు అత్తా," అన్నాడు మా మేనల్లుడు యూనియెల్, వీధిలో ఇళ్లన్నీ తీగలతో కలిసి వాడుకునే మా ముందుగదిలోని సినిమాల సర్వర్‌కి, వీధివాళ్ల పేర్లుండే డైరెక్టరీని కలుపుతూ. "డైరెక్టరీలో ఉన్నవాళ్లు ఎవరి పేరుతో వాళ్లే రావాలి."

పక్కన కాఫీ తాగుతున్న, సర్కారుకి కబుర్లు చేరవేసే వీధి కమిటీ పెద్ద ఎర్మెలిందా నవ్వింది. "అయితే ఎవరేం చూస్తున్నారో తెలిసిపోతుందన్నమాట! మా ఆయన బండారం బయటపడుద్ది."

"ఇదిగో, అప్పుడే ఒకరొచ్చారు," అంటూ యూనియెల్ తెర మా వైపు తిప్పాడు. మరుక్షణం వాడి మొహం పాలిపోయింది.

నేనూ చదివాను. ఓస్మానీ. నా కొడుకు.

సైన్యంలో చేరమని పిలుపొచ్చాక వాడు పడవెక్కి దేశం దాటాడని వీధంతా చెప్పాను. వాడు మా డాబా మీది పావురాల గదిలోనే ఉన్నాడు. పాత పాస్‌వర్డ్ పనిచేయకపోయేసరికి సొంత పేరు టైపు చేసేశాడు.

"మన వీధి తీగ సముద్రం దాకా లేదే," అంది ఎర్మెలిందా నెమ్మదిగా.

"ఎవరో... వాడి పేరు వాడుకుంటున్నారేమో," అన్నాను.

ఆమె నా భుజం తట్టి లేచింది.

"ఇంకో కప్పు కాఫీ పొయ్యి వదినా. పిల్లాడికి నేనే పైకి పట్టుకెళ్తా."

— నెరెయ్‌దా, యాభై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది కమగ్వే ఊళ్లో, వాణ్ణి పెట్టిన జైలు వెనక వీధిలో.