జేగంట బేరం

ఊరిని ఏలే ముసలి దాతు చనిపోయిన ఏడాది మిండోరో దీవికి పడవ ఎక్కినప్పుడు లుబాగ్ దగ్గర ఉన్నవి ఇవి: తేనె మైనం ముద్దలు పన్నెండు, ఉప్పు బుట్టలు ఆరు, తాతల నాటి కంచు జేగంట ఒకటి.

తిరిగొచ్చేటప్పుడు పడవను ఊరి రేవులో ఆపలేదు. నేరుగా కొండకు వెళ్ళాడు. మైనం తీసే చోట అతనికో గుడిసె ఉంది. భార్య దలిసాయ్, కొడుకు సలంగ్ అక్కడే ఉన్నారు. రెండు వానాకాలాలు గడిచాక అందరూ ఊళ్ళోకి దిగారు. సలంగ్ ముందు నడిచాడు. దలిసాయ్ చంకలో ఆడపిల్ల ఉంది. పేరు హలాయ.

లుబాగ్ ఇంట్లో జేగంట వేలాడాల్సిన కొక్కెం ఖాళీగా ఉండడం ఊరు వెంటనే గమనించింది. దానికి బదులుగా ఏమొచ్చిందని అడిగితే ఏమీ రాలేదనేవాడు లుబాగ్. ఊరి సరస్సు చుట్టుపక్కల అంత గట్టి బేరగాడు లేడు. అలాంటివాడు ఒక్కసారైనా మోసపోయాడని జనానికి లోలోపల సంతోషం.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఊళ్ళోకి పాద్రీ వచ్చాడు. ఇక్కడి ఆచారాలన్నీ పుస్తకంలో రాసుకునేవాడు. ముగ్గురు పెద్దల్ని విడివిడిగా పిలిచి అడిగేవాడు. ముగ్గురి మాటా ఒకటైతేనే రాసేవాడు. ఇకమీదట తీర్పులన్నీ ఆ పుస్తకం చూసే ఇస్తారన్నారు. ఆ ముగ్గురిలో లుబాగ్ ఒకడు.

బానిసల గురించి ముగ్గురూ ఒకే మాట చెప్పారు. కొన్న మనిషి చచ్చేదాకా బానిసే, ఆ కడుపున పుట్టినవాళ్ళూ బానిసలే. తండ్రి స్వతంత్రుడై తల్లి బానిసైతే పిల్లల్ని పంచుకోవాలి. మొదటి బిడ్డ తండ్రి వాటా, రెండో బిడ్డ తల్లిని ఏలే దాతు వాటా, మూడో బిడ్డ మళ్ళీ తండ్రి వాటా.

లుబాగ్ స్వతంత్రుడు. దలిసాయ్ ముసలి దాతుకు బానిస.

ఆ రాత తడి ఆరకముందే ముసలి దాతు తర్వాత దాతు అయిన అతని మేనల్లుడు బంతోగ్ పాద్రీ దగ్గరికి వచ్చాడు. సలంగ్ మొదటివాడు, తండ్రి వాటా; అది కాదనడం లేదు. రెండోది హలాయ. తన ఇంట్లో వడ్లు దంచడానికి మనిషి కావాలి. అమావాస్య లోపల పిల్లను పంపించాలన్నాడు.

లుబాగ్ నిదానంగా వక్క నమిలి ఉమ్మాడు.

"హలాయ రెండోది కాదు బాబూ. రెండోది చచ్చిపోయింది. ఇది మూడోది."

బంతోగ్ పకపకా నవ్వాడు. "ఎనిమిదేళ్ళకి గుర్తొచ్చిందా, సలంగ్ నాన్నా? జేగంట నీళ్ళపాలు చేశావు. ఇప్పుడు నా వాటా కూడా నీళ్ళపాలేనా?"

అప్పుడే ఎందుకు చెప్పలేదని పాద్రీ అడిగాడు. అవి దాతు మైల రోజులన్నాడు లుబాగ్. ఊళ్ళో ఎవరూ గొంతెత్తకూడదు, పడవలో తెడ్డు చప్పుడు కూడా వినబడకూడదు. అలాంటప్పుడు పురిటికందు పోయిందని ఎవరికి వెళ్ళి చెప్పుకుంటాడు?

పాద్రీ సాక్షుల్ని పిలిపించాడు. ఒకరి మాట ఒకరికి వినబడకుండా మిగతావాళ్ళను ఏటి ఒడ్డున కూర్చోబెట్టాడు.

ముందు మంత్రసాని ఇరింగ్ అవ్వ వచ్చింది. రెండో కాన్పు కొండ మీద తన చేతుల్లోనే జరిగిందనీ, ఆ పసిగుడ్డును కడిగింది కూడా తానేననీ చెప్పింది. తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చిందంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. పాద్రీ కూడా అడగలేదు.

తర్వాత దలిసాయ్ వచ్చింది. ఆమె కళ్ళు తడిగా లేవు. గొంతులోనూ ఏ మార్పూ లేదు.

"ఆడపిల్ల. పద్దెనిమిది రోజులు బతికింది. పేరు పెట్టలేదు."

"ఎక్కడ పాతిపెట్టారమ్మా?"

"గుడిసె కింద. జాడీలో."

బంతోగ్ నమ్మలేదు. అందరూ కొండ ఎక్కారు. లుబాగ్ తనే తవ్వాడు. మూత చుట్టూ పూసిన మైనం చెక్కుచెదరలేదు. బంతోగ్ కత్తిమొనతో మూత లేపాడు. లోపల పక్షి ఎముకలంత సన్నటి ఎముకలు, ఒక ఎర్ర పూస ఉన్నాయి. దలిసాయ్ వంగి చూసింది. పూస ఉందో లేదో చూసుకున్నట్టు చూసి, పక్కకు జరిగి నిలబడింది.

హలాయ అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఇందులో ఎవరున్నారని అడిగింది. అక్క అన్నాడు సలంగ్.

బతికున్న పిల్లల గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

పాద్రీ అక్కడే రాయి మీద కూర్చుని రాశాడు. రాసింది పైకి చదివాడు. మొదటి బిడ్డ తండ్రి వాటా. రెండో బిడ్డ దాతు వాటా, చనిపోయింది. మూడో బిడ్డ తండ్రి వాటా, స్వతంత్రురాలు. ముగ్గురు పెద్దలూ గుర్తులు పెట్టారు.

"నా వాటా నాకు దక్కిందిలే," అన్నాడు బంతోగ్ జాడీని కాలితో చూపిస్తూ. "ఇంటికి మోసుకెళ్ళమంటావా?"

"నీ ఇష్టం బాబూ," అన్నాడు లుబాగ్.

బంతోగ్ ఖాళీ చేతులతోనే దిగిపోయాడు. లుబాగ్ మూతకు మళ్ళీ మైనం పూసి జాడీని పూడ్చాడు. మట్టిని కాలితో తొక్కి చదును చేశాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. దలిసాయ్ అన్నం పెట్టింది. సలంగ్ తింటూ ఖాళీ కొక్కెం వైపు చూశాడు.

"నాన్నా, ఆ జేగంటకి నిజంగా ఏమీ రాలేదా?"

లుబాగ్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. మిండోరో లెక్క అతనికి ఎప్పుడూ నోటికే ఉంటుంది: పన్నెండు మైనం ముద్దలకు రెండు చీనా జాడీలు, ఆరు బుట్టల ఉప్పుకు ఒక మూట దూది, తాతల నాటి జేగంటకు ఇంకా పాలు మరవని హలాయ.