తీగల ఎత్తు

ఆ చేతులు తనవి కాకుండా పోయిన రోజున ఆమె ఏడవలేదు. చూపించిన చోట సంతకం పెట్టింది. ఇష్టపూర్వకంగానేనా అని అడిగితే తలూపింది. బలవంతపెట్టినవాళ్ళు లేరు కనక, తర్వాత తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

రెండేళ్ళు తిరిగాక, ఆ చేతులు చేరిన ఇంటి ఇల్లాలు ఫోన్ చేసింది.

"అక్కా, మీ దగ్గర బేస్ గిటార్ ఉందటగా. ఒక్కసారి పట్టుకుని చూడాలని ఈయన మనసు. అడగడానికి మొహం చెల్లక నాతో అడిగిస్తున్నారు."

'ఈయన' అన్న మాట ఆమెకి పంటి కింద రాయిలా తగిలింది. అయినా వస్తానంది.

గిటారు బయటికి తీసింది. తమ ఇంట్లో వాయించడం ఆ చేతుల పని, సర్దిపెట్టడం ఆమె పని. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా చిన్న చిన్న మరలు తిప్పే మనిషికి గిటారు మరలు ఒక లెక్క కాదు. గాలిలో చెమ్మ మారినప్పుడల్లా గిటారు మెడ కాస్త వంగుతుంది. లోపలున్న ఇనుప కడ్డీని బిగించి దాన్ని దారికి తేవాలి. ఆ తర్వాత తీగల ఎత్తు. ఎక్కువైతే వేళ్ళు నొప్పి పుడతాయి. తక్కువైతే తీగ మెట్టుకి తగిలి చిటపటలాడుతుంది. ఆ చేతుల్లో ఎడమచేతి చిటికెనవేలు కొంచెం వంకర. లావు తీగని నొక్కడానికి అవస్థ పడేది. అందుకని ఆ తీగని వెంట్రుకవాసి దించేది ఆమె. చిటపట మొదలయ్యే హద్దు దాకా తెచ్చి ఆపేది. ఆ కొలత ఏ దుకాణంలోనూ కుదరదు. ఆ వేలిని ఎరిగినవాళ్ళకే కుదురుతుంది.

ఇప్పుడూ అలాగే దించింది.

"ఎక్కడికమ్మా, అంత బరువేసుకుని?" అంది అత్తగారు. ఎవరి దగ్గరికీ పోకుండా కోడలి దగ్గరే ఉండిపోయిన మనిషి.

"తీగలు చూపించుకొస్తాను, అత్తయ్యా."

దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది. ఆ ఇంటికి తనే గిటారు భుజానేసుకుని వెళ్ళడమేమిటి? ఎవరికి చెప్పినా ముక్కున వేలేసుకుంటారు. చూపించి వెనక్కి తెచ్చేయాలని గట్టిగా అనుకుంది. ఇచ్చేది మాత్రం లేదు. ఇప్పటిదాకా ఇచ్చింది చాలు.

తలుపు తీసింది ఇల్లాలు. వెనకాల అతను నిలబడి ఉన్నాడు. అంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకున్నాడు. "రండి, కూర్చోండి" అన్నాడు, ముక్కూమొహం తెలియనివాళ్ళని పిలిచినట్టు. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. ఆమె కూడా అతని మొహం చూడలేదు. చేతులే చూసింది. గోళ్ళు ఎవరో శ్రద్ధగా కత్తిరించారు. ఆ ఎవరో ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఇంతలో వాళ్ళ పాప వచ్చి, జడ వేయమని అతని ముందు వీపు తిప్పి కూర్చుంది. ఆ వేళ్ళు నిదానంగా మూడు పాయలు తీశాయి. జడ వదులు వదులుగా వచ్చింది. పాప మాత్రం గంతులేస్తూ అద్దం దగ్గరికి పరిగెత్తింది. ఆ వేళ్ళు ఆమె ఇంట్లో ఏనాడూ జడ వేయలేదు. వేయించుకునే పిల్ల పుట్టలేదు.

"మీరు వదులుకోబట్టే కదక్కా, మా ఇల్లు ఇలా ఉంది" అంది ఇల్లాలు, అతని చేతిని తన ఒళ్ళోకి తీసుకుని.

దెప్పుతోందో, దణ్ణం పెడుతోందో ఆమెకి తెలియలేదు. ఏదైనా మంట ఒకటే. ఆ చేయి వదులు అని అరవకుండా ఉండటానికి గిటారు సంచీ జిప్పు లాగింది.

అతను చిన్న యాంప్లిఫయరూ, కొత్త తీగలూ కొని ఉంచాడు. తీగలు వద్దంది ఆమె. "కొత్తవి గలగలమంటాయి. ఆ వేళ్ళకి ఈ పాతవే అలవాటు."

మొదట అన్నీ తప్పులే. ఒక తీగ పట్టబోయి ఇంకో తీగ పట్టాడు. ఆమెకి లోలోపల సంతోషమే వేసింది. ఈ ఇంట్లో ఇవి పలకవు అనుకుంది.

అంతలో చిటికెనవేలు సాగి లావు తీగ మీద పడింది. చిటపట లేదు. గుండ్రటి, బరువైన మోత నేలలోంచి పాకి ఆమె పాదాల్లోకి ఎక్కింది. ఏళ్ళ తరబడి వంటగదిలో నిలబడి విన్న మోత. ఎన్ని మీటలు తిప్పినా తన వేళ్ళ కింద రానిది.

అతను వాయించడం ఆపి చేతులకేసి చూసుకున్నాడు. "హాయిగా ఉంది. నా కోసమే సర్దినట్టుంది" అన్నాడు.

"మీ కోసం కాదు" అంది ఆమె.

గిటారు ఉంచేసి వెళ్ళమని ఇల్లాలు నోరు తెరిచి అడిగింది. ఆమె వినిపించుకోలేదు. సర్దడం ఇంకా పూర్తి కాలేదని, వచ్చే ఆదివారం మళ్ళీ తెస్తానని చెప్పి సంచీ మూసేసింది. నిజానికి సర్దడానికేమీ మిగల్లేదు. గిటారు ఇక్కడే ఉండిపోతే, ఆ చేతుల్ని మళ్ళీ చూడటానికి ఆమెకి సాకంటూ ఉండదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఎవరన్నా వాయించారా?"

"ఆ, ఒకాయన."

"మావాడిలా వాయించాడా?"

"వాయించడం రాదు, అత్తయ్యా. మోత మాత్రం అదే."

ఆవిడ గుమ్మంలోంచి లేచి కోడలికి దారిచ్చింది.

కొడుకుని కాటికి సాగనంపిన రోజు, కప్పిన దుప్పటి కింద అతనికి రెండు చేతులూ లేవని, వేరొకరికి అతికించడానికి వాటిని తనే ఇచ్చిందని ఆమె అత్తగారికి ఇంకా చెప్పలేదు.